బేరిపండ్ల కస్టర్డు: ఒక వంటయింటి రసాయన పాఠం

కస్టర్డు అనగానే మన ఇండ్లలో చాలామందికి మొదట స్ఫురించేది అంగడిలో అట్టపెట్టెలో దొరికే ఒక తెల్లని పొడి. పాలలో కలుపగానే అది పసుపుపచ్చగా మారుతుంది, కాచితే చిక్కబడుతుంది, చల్లార్చి అరటిపండు ముక్కలు, దానిమ్మ గింజలు కలిపితే పెండ్లి విందులలో ఫ్రూట్ కస్టర్డు అనే పేరుతో మన విస్తరిలోకో, దస్తర్‌ఖాన్ మీదికో వస్తుంది. ఈ పదార్థం రుచికరమైనదే. దానిని నిందించుట ఈ వ్యాసకర్త ఉద్దేశ్యం కాదు. అయితే కస్టర్డు అనే పేరు గల అసలు వస్తువు వేరొకటి కలదు. అది గుడ్డు, పాలు, చక్కెర అనే మూడింటితో మాత్రమే తయారవుతుంది. ఈ రెండింటికి పేరు ఒక్కటే, రంగు ఇంచుమించు ఒక్కటే. గట్టిపడే విధానం మాత్రం పూర్తిగా భిన్నం. ఆ భేదం తెలియకపోవుట వలన వంట చెడుట ఒక నష్టం. ఇంటిలో జ్వరపడి లేచినవారికి, చంటిబిడ్డకు బలమని తలచి బలం లేనిదానిని పెట్టుట అంతకన్న పెద్ద నష్టం. కావున తాజా బేరిపండ్లతో సులభంగా ఇంటిలో కాల్చుకొనదగిన ఒక తీపి వంటకాన్ని ఆధారంగా చేసికొని, ఈ రెండు కస్టర్డుల తత్త్వాన్ని విచారింతము.

ముందుగా మనకు బాగా తెలిసిన జున్నును తలచుకొందాము. ఆవు గాని గేదె గాని ఈనిన మొదటి రెండు మూడు దినములలో పిండిన పాలను బెల్లంతోను, మిరియాలు, ఏలకుల పొడితోను కలిపి ఆవిరిమీద ఉంచితే, తోడు వేయకుండానే, నిమ్మరసం పిండకుండానే, ముద్దగా గట్టిపడుతుంది. మామూలు పాలను ఎంతసేపు కాచినను ఇట్లు జరుగదు. అవి మరిగి మరిగి కోవా అవుతాయే గాని జున్ను కావు. కారణమేమనగా మామూలు పాలలో అధికభాగంగా ఉండే కేసీన్ అనే మాంసకృత్తు వేడికి చలింపదు. జున్నుపాలలోనో, దూడను రోగముల నుండి కాపాడుటకై ప్రకృతి కూర్చిన వేరొక జాతి మాంసకృత్తులు మెండుగా ఉంటాయి. అవి వేడి తగలగానే తమ ముడులు విప్పుకొని, ఒకదానితో నొకటి పెనవేసికొని, వలవలె ఏర్పడి, ఆ వల కన్నులలో నీటిని బంధిస్తాయి. చెంచాతో కోయగలిగిన ఆ మెత్తని గట్టిదనం ఈ వల వలననే.

గుడ్డులోని మాంసకృత్తులు చేసే పని కూడ ఇదే. గుడ్డును పాలలో గిలకొట్టి మెల్లగా వేడి చేసినచో అదే విధంగా వల ఏర్పడుతుంది. అనగా కస్టర్డు సీమనుండి దిగివచ్చిన వింత కాదు, జున్నుకు చెల్లెలు. హైదరాబాదు వంటశాలలకు ఈ బంధుత్వం ఎప్పుడో తెలిసినట్లున్నది. ఉర్దూలో జున్నుపాలను పియోసీ అంటారు. గుడ్లు, పాలు, చక్కెర కలిపి చేసే ఒక తీపికి హైదరాబాదీ గృహములలో అండే కీ పియోసీ అని పేరు. గుడ్డుతో చేసిన జున్ను అని దాని అర్థం. రసాయనశాస్త్రం చదువని వంటగత్తెలు పెట్టిన ఈ పేరులో ఎంత సూక్ష్మపరిశీలన ఉన్నదో గమనింపదగును.

మాటల ప్రసక్తి వచ్చినది కనుక, రెండు భాషలు పక్కపక్కన చదువుకొనే మన కళాశాల విద్యార్థులకు ముచ్చట గొలిపే మరొక విషయం. ప్రోటీన్ అనుదానికి తెలుగులో మాంసకృత్తు అనియు, ఉర్దూలో లహ్‌మియాత్ అనియు అంటాము. లహ్‌మ్ అనగా మాంసం. రెండు భాషలూ విడివిడిగా నడచి ఒక్క చోటికే చేరినవి. 1918లో ఉర్దూ బోధనామాధ్యమంగా ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికై దారుల్ తర్జుమాలోని పండితులు శాస్త్రపదములను ఉర్దూలో కూర్చినారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో అట్టి కృషినే చేసినది. అయితే ఈ పేరు వలన ఒక చిన్న ప్రమాదం కూడ ఉన్నది. మాంసం తినేవారికే మాంసకృత్తులు లభిస్తాయని కొందరు భ్రమపడతారు. పాలలోను, పప్పులలోను, వేరుసెనగలోను ఉన్నవి కూడ అవే. ఇక రెండవ రకం కస్టర్డుకు ఆధారమైన స్టార్చికి తెలుగులో పిండిపదార్థమనియు, ఉర్దూలో నిశాస్తా అనియు పేర్లు. ఈ రెండు పదములను గుర్తుంచుకొనినచో తక్కిన పాఠం సులువు.

కస్టర్డు అనే ఆంగ్లపదం అసలు పెంకు అనే అర్థం గల మాటనుండి పుట్టినది. మధ్యయుగపు ఐరోపాలో పిండితో గట్టి పెంకు చేసి, అందులో గుడ్లు, పాలు పోసి కాల్చేవారు. కాలక్రమాన పెంకు పోయి లోపలి పదార్థానికే పేరు మిగిలినది. ఇక పొడి కథ వేరు. 1837లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హాం నగరంలో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. ఆయన భార్యకు గుడ్డు సరిపడదు. తింటే ఒడలు చెడుతుంది. ఆమెకు కస్టర్డంటే ఇష్టం. ఆయన మొక్కజొన్న పిండిపదార్థంతో గుడ్డులేని కస్టర్డును కల్పించినాడు. (ఆమెకు ఈస్టు కూడ సరిపడకపోవుటచేత తరువాత బేకింగ్ పౌడరును కూడ తయారు చేసినాడు. ప్రపంచపు బేకరీలకు ఒక ఇల్లాలి అనారోగ్యం ఎంత మేలు చేసినదో!) అనగా ఈ పొడి పుట్టుకే గుడ్డు లేకుండుటకు. నేడు మన అంగళ్ళలో దొరికే పెట్టెను తిప్పి చదివినచో మొక్కజొన్న పిండిపదార్థం, అనుమతింపబడిన రంగు, వెనిలా పరిమళం కనబడతాయి. పెట్టెమీద ఆకుపచ్చని చుక్క కూడ ఉంటుంది. మన దేశపు నిబంధనల ప్రకారం గుడ్డు కలిసిన పదార్థానికి ఆ చుక్క వేయరాదు. అయినను ఆ పసుపురంగును చూసి అందులో పచ్చసొన ఉన్నదని తలచే తల్లులు ఎందరో కలరు.

ఆ తలపు ఎంత దూరం పోతుందో లెక్కతో చూడవచ్చును. మన ముషీరాబాదు నుండి విద్యానగరం మీదుగా విశ్వవిద్యాలయ ఆవరణ దాటి తార్నాక చేరితే, జామె ఉస్మానియా వద్ద జాతీయ పోషకాహార సంస్థ కనబడుతుంది. ఇది 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యవమున బెరిబెరి వ్యాధి పరిశోధనకై చిన్న శాఖగా ప్రారంభమైనది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1969లో ఇప్పటి పేరు పొందినది. (బెరిబెరి వ్యాధికిని మన బేరిపండుకును ఏ సంబంధమూ లేదు. కూనూరు కొండలలో బేరిచెట్లు కూడ పెరుగుతాయనుట కేవలం కాకతాళీయం.) ఈ సంస్థవారు భారతీయ ఆహారపదార్థముల పోషక విలువలను పట్టికలుగా ప్రచురించినారు. డాక్టర్ సి. గోపాలన్, వారి సహచరులు కూర్చిన గ్రంథం 1971లో వెలువడినది. కొత్త విశ్లేషణలతో మరొక పట్టిక 2017లో వచ్చినది. గృహవిజ్ఞానం చదివే విద్యార్థినులకు ఈ పట్టికలు చేతిపుస్తకం వంటివి. తక్కినవారు కూడ ఒకమారు తిరగవేయుట మంచిది.

గోపాలన్‌గారి పట్టిక ప్రకారం నూరు గ్రాముల కోడిగుడ్డులో సుమారు 13 గ్రాముల మాంసకృత్తులు, నూరు గ్రాముల గేదెపాలలో సుమారు 4 గ్రాములు, ఆవుపాలలో 3 గ్రాములకు కొంచెం పైగా ఉంటాయి. బేరిపండులో ఒక్క గ్రాము కూడ లేదు. అది నూటికి 86 వంతులు నీరే. ఇప్పుడు అరలీటరు గేదెపాలు, మూడు గుడ్లతో కస్టర్డు చేసినామనుకొందాము. పాల నుండి సుమారు 21 గ్రాములు, పెంకు తీసిన మూడు గుడ్ల నుండి సుమారు 18 గ్రాములు, మొత్తం 39 గ్రాముల మాంసకృత్తులు. ఆరుగురు పంచుకొన్నచో తలా ఆరున్నర గ్రాములు. అదే అరలీటరు పాలతో పొడి కస్టర్డు చేసినచో తలా మూడున్నర గ్రాములు. ఆ మూడున్నర కూడ పాలవే, పొడివి కావు. ఇక పాలు చాలక సగానికి సగం నీరు కలిపి, పొడి మరికొంచెం వేసి చిక్కబరచినచో తలా రెండు గ్రాములు కూడ రావు. కంటికి మాత్రం అదే చిక్కదనం, అదే పచ్చదనం! చిక్కనిదంతా బలమైనదని నమ్మే మన అలవాటు ఇక్కడ మోసపోతుంది. ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన రోగికి నీళ్ళ కస్టర్డు గిన్నెలు పెట్టి, పథ్యం బాగా జరుగుచున్నదని ఇంటివారు తృప్తిపడుట జాలిగొలిపే విషయం. సులభంగా జీర్ణమగును, శక్తినిచ్చును, నిజమే. కాని కండను కూర్చేది మాంసకృత్తు. పిండిపదార్థం ఆ పని చేయదు.

అట్లని పొడికి గౌరవం లేకపోలేదు. గుడ్డు తినని మిత్రులు ఇంటికి వచ్చినపుడు, గుడ్డు సరిపడని పిల్లలున్నపుడు, అందరూ ఒకే గిన్నెలోనిది తినుటకు అది వీలు కల్పిస్తుంది. రంజాను మాసంలో మిత్రులందరూ కలిసి కూర్చొనే ఇఫ్తారు విందులలో పండ్ల కస్టర్డు అంతగా నిలదొక్కుకొనుటకు ఇది కూడ ఒక కారణం కావచ్చును. పాలు నిండుగా పోసి చేసినచో ఏ దోషమూ లేదు.

ఇక పండు సంగతి. బేరిపండును ఉర్దూలో నాష్‌పాతీ అంటారు. ఉత్తరదేశంలో మెత్తగా, తియ్యగా, రసం కారునట్లు ఉండే రకాన్ని బబ్బూగోషా అనియు, గట్టిగా కరకరలాడే పంజాబు రకాన్ని పత్తర్‌నాఖ్ అనియు పిలుస్తారు. పత్తర్ అనగా రాయి. ఈ పేరు గట్టిదనాన్ని బట్టి వచ్చినదే అయినను, బేరిపండులో నిజముగానే రాయి వంటి వస్తువు ఉన్నది. కొరికినపుడు నాలుకకు ఇసుకవలె తగిలే రవ్వలను వృక్షశాస్త్ర విద్యార్థులు సూక్ష్మదర్శినిలో చూచియే ఉందురు. అవి గోడలు మందమెక్కి గట్టిపడిన రాతికణములు. వండినను ఇవి కరగవు. కాని చుట్టునున్న కండ మెత్తబడుటచేత నోటికి అంతగా తెలియవు.

బేరి చెట్టుపై పూర్తిగా పండుటకు ఒప్పుకొనని పండు. చెట్టుమీదనే విడిచినచో లోపలి గుజ్జు పిండివలె అయి చెడుతుంది. అందుచేత ముదిరిన కాయను కోసి, గాదెలోనో పెట్టెలోనో మాగవేస్తారు. అది లోపలినుండి బయటికి పండుతుంది. పైభాగం మెత్తబడునప్పటికి నడుమ కుళ్ళిపోయి ఉండవచ్చును. కావున పండును పొట్టవద్ద నొక్కి చూచుట సరికాదు. ముచ్చికకు దగ్గరగా, మెడవద్ద బొటనవ్రేలితో మెల్లగా నొక్కవలెను. అక్కడ కొంచెం లొంగినచో వంటకు సిద్ధమైనట్లు. కాశ్మీరు, హిమాచల ప్రదేశ్‌ల నుండి శ్రావణ భాద్రపదములలో మన విపణికి వచ్చే పండ్లు తరచు గట్టిగానే ఉంటాయి. వాటిని కాగితపు సంచిలో ఒక పండిన అరటిపండుతో కలిపి రెండు మూడు దినములుంచినచో, అరటి వదలే ఎథిలీన్ వాయువు బేరిని కూడ పండిస్తుంది. కార్బైడుతో మాగవేయుటను మన దేశపు చట్టం నిషేధించినది. ఇంటిలో అరటిపండు చేసే పనికి ఆ విషమెందుకు?

కస్టర్డుకు బేరి తగినదని చెప్పుటకు కారణం దాని పులుపు తక్కువదనం. పుల్లని నారింజ, పచ్చి అనాస వంటివి పాలను విరచివేస్తాయి. అనాసలో మాంసకృత్తులను ఛేదించే ఎంజైము కూడ ఉన్నది. అది ఏర్పడబోయే వలనే తెంచివేస్తుంది. బేరికి ఆ గుణం లేదు. దాని దోషమెల్ల నీరు. పచ్చిముక్కలను నేరుగా కస్టర్డులో వేసి కాల్చినచో ఆ నీరు బయటికి వచ్చి, అడుగున మడుగు కట్టి, కస్టర్డు ముక్కలు ముక్కలుగా తేలుతుంది. వంటపుస్తకములలో ఈ ఒక్క సంగతిని దాటవేయుట చేతనే చాలామంది బేరి కస్టర్డు కుదరదని నిర్ణయించుకొందురు. ముందుగా పండ్లలోని నీటిని కొంత వదిలించినచో ఈ చిక్కు లేదు.

అందుకై మధ్యరకం బేరిపండ్లు మూడు, ఇంచుమించు అరకిలో, తీసికొని తొక్క చెక్కి, నడిమి గింజలగూడు తీసివేసి, ఒక్కొక్కదానిని ఎనిమిది చీలికలుగా కోయవలెను. కోసిన ముక్కలు గాలి తగిలి నల్లబడుట మనము ఆపిల్‌లో చూచేదే. వెంటనే పొయ్యి ఎక్కించినచో దానికి వేరే ఉపాయం అక్కరలేదు. వెడల్పాటి మూకుడులో ఒక పెద్దచెంచాడు నెయ్యి గాని వెన్న గాని వేసి, ముక్కలు పరచి, రెండు పెద్దచెంచాల చక్కెర చల్లి, సన్నని సెగమీద ఏడెనిమిది నిమిషములు ఉంచవలెను. చక్కెర ముక్కలలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీరు ఆవిరై పాకం జిగురుగా మారి ముక్కలకు అంటుకొనునప్పుడు దించవలెను. పత్తర్‌నాఖ్ వంటి గట్టి రకమైతే నాలుగు చెంచాల నీరు చల్లి, మూతపెట్టి, పావుగంటకు పైగా ఉడికించి, ఆపై మూత తీసి తడి ఆరనీయవలెను. ఈ ముక్కలను నెయ్యి రాచిన లోతైన పింగాణీ పళ్ళెంలో గాని, గాజుగిన్నెలో గాని పరచి చల్లారనీయవలెను.

తరువాత అరలీటరు పాలు కాచి, వ్రేలు ముంచగల వేడికి చల్లార్చవలెను. వేరొక గిన్నెలో మూడు గుడ్లు, ఐదు పెద్దచెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు వేసి, నురుగు రాకుండ కలుపవలెను. ఇక్కడ గిలకొట్టుట కంటె కలుపుట ముఖ్యం. నురుగు ఎక్కువైనచో పైన బుడగలు తేలి నునుపు చెడుతుంది. ఆ గుడ్లలో పాలను కొంచెం కొంచెంగా, కలుపుచు పోయవలెను. సలసల కాగే పాలను ఒక్కసారి కుమ్మరించినచో గుడ్డు అక్కడికక్కడే ఉడికి పొరలుపొరలుగా విడిపోతుంది. జల్లెడలో వడగట్టి, ఏలకుల పొడి కలిపి, బేరిముక్కలపై మెల్లగా పోయవలెను. చిటికెడు ఉప్పు రుచికి మాత్రమే కాదు. మాంసకృత్తులు ఒకదానితో నొకటి పెనవేసికొనుటకు లవణములు తోడ్పడతాయి. పాలలోని కాల్షియం కూడ ఇట్టి సాయమే చేస్తుంది. అందుచేత గుడ్డును ఉట్టి నీటిలో కలిపి ఆవిరి పట్టినచో కస్టర్డు ఏర్పడుట కష్టం.

ఇప్పుడు వేడి సంగతి. పాఠమంతా ఇక్కడనే ఉన్నది. తెల్లసొన ఒక్కటే అయినచో 62, 63 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే చిక్కబడ నారంభిస్తుంది. పచ్చసొన 65 నుండి 70 డిగ్రీల వద్ద. కాని పాలు కలిసి మాంసకృత్తులు దూరదూరమగుట వలన, చక్కెర వాటి విప్పుడును ఆలస్యం చేయుట వలన, కస్టర్డు గట్టిపడుటకు 80 డిగ్రీలు దాటవలెను. 85 దాటిన కొద్దిసేపటికే ఆ వల మరీ బిగిసి, బట్టను పిండినట్లు నీటిని వెలిగ్రక్కుతుంది. రంధ్రములు పడిన గట్టి ముద్ద, దాని చుట్టు పలుచని నీరు: విరిగిన కస్టర్డు అనునది ఇదే. అనగా కుదురుటకును చెడుటకును మధ్యనున్న దూరం నాలుగైదు డిగ్రీలు మాత్రమే.

ఇంత ఇరుకైన దారిలో పళ్ళెమును నేరుగా పొయ్యిలో పెట్టుట సాహసం. కావున పెద్ద పళ్ళెంలో వేడినీరు పోసి, కస్టర్డు గిన్నెను సగం ఎత్తువరకు మునుగునట్లు అందులో నిలిపి, ఓవెనులో 160 డిగ్రీల వద్ద ముప్పావుగంట ఉంచవలెను. ఓవెను ఎంత వేడెక్కినను నీరు తన మరుగుస్థానం దాటదు. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తునున్న మన హైదరాబాదులో నీరు నూరు డిగ్రీలకు కాక ఇంచుమించు 98 డిగ్రీలకే మరుగుతుంది. పైగా ఓవెనులోని నీటి ఉపరితలం ఎల్లప్పుడు ఆవిరగుచు చల్లబడుటచేత అది మరుగుస్థానానికి కూడ చేరదు. గిన్నె అంచులు కాలిపోకుండ ఈ నీరే కావలి కాస్తుంది. ముప్పావుగంటకు గిన్నెను మెల్లగా కదిపి చూడవలెను. అంచులు నిలిచి, నడుమ రూపాయి బిళ్ళంత మేర వణకుచుండగా తీసివేయవలెను. నడుమ కూడ గట్టిపడువరకు ఉంచవలెనని తోచుట సహజం. కాని గిన్నెలోని వేడి బయటికి తీసిన తరువాత కూడ లోపలికి పోవుచునే ఉంటుంది. ఆ మిగిలిన పనిని అదే పూర్తి చేస్తుంది.

ఓవెను లేని ఇండ్లే మనలో ఎక్కువ. ఆ కారణంగా ఈ వంటకాన్ని విడిచిపెట్టనక్కరలేదు. జున్ను వండుటకు ఏ ఉపాయం కలదో ఇక్కడ కూడ అదే చాలును: వెడల్పాటి గిన్నె అడుగున నీరు పోసి, ముక్కాలిపీటపై కస్టర్డు గిన్నెను ఉంచి, దానిపై పళ్ళెం బోర్లించి, సన్నని సెగపై అరగంట ఆవిరి పట్టవలెను. పళ్ళెం మూయుట మరువరాదు. లేనిచో పైమూతనుండి నీటిబొట్లు పడి నునుపు చెడును. పైభాగం ఎర్రగా కాలవలెనని కోరేవారు మన నగరపు దమ్ పద్ధతిని గుర్తు చేసికొనవచ్చును. క్రింద సన్నని సెగ, మూతమీద నిప్పుకణికలు. దమ్ అనునది ఓవెనుకు మారుపేరే గదా! అయితే బొగ్గులు తలుపులు మూసిన గదిలో వాడుట ప్రాణాపాయకరం. వసారాలోనో, పెరటిలోనో చేసికొనవలెను. మొహర్రం దినములలో దమ్ కే రోట్ పిండిని ఇంటిలో కలిపి పేటలోని బేకరీ భట్టీకి పంపి కాల్పించుకొను ఆచారం పాతతరంవారికి తెలిసినదే. కాని భట్టీ వేడి రొట్టెకు తగినదే గాని కస్టర్డుకు మిక్కిలి తీవ్రం. నీటి పళ్ళెం లేక అక్కడికి పంపరాదు.

గుడ్డు లేకుండ చేయదలచినవారు అరలీటరు పాలకు మూడు పెద్దచెంచాల కస్టర్డు పొడి తీసికొని, ముందుగా అరకప్పు చల్లని పాలలో కలుపవలెను. పొడిని నేరుగా వేడిపాలలో వేసినచో పైపొర వెంటనే ఉబ్బి జిగురై, లోపలి పొడికి తడి తగలకుండ మూసివేస్తుంది. మనము ఉండలు కట్టినదనేది ఇందుకే. కలిపినదానిని మరుగుచున్న తక్కిన పాలలో సన్నని ధారగా పోసి, అడుగంటకుండ కలుపుచు రెండు మూడు నిమిషములు బాగా ఉడికించవలెను. ఇక్కడ నియమం తలక్రిందులు! గుడ్డు కస్టర్డుకు మరగరాదు. పిండి కస్టర్డుకు మరగక తప్పదు. మొక్కజొన్న పిండిపదార్థపు రేణువులు 62 నుండి 72 డిగ్రీల మధ్య ఉబ్బ నారంభించి, మరుగుస్థానం దాపున గాని పూర్తి చిక్కదనం పొందవు. తక్కువ కాచినచో పచ్చిపిండి వాసన కూడ మిగులుతుంది. ఈ చిక్కని పాలను బేరిముక్కలపై పోసి ఓవెనులో పది పదిహేను నిమిషములు ఉంచినచో పైన సన్నని పొర కట్టును. ఉంచకున్నను హాని లేదు. అది అప్పటికే గట్టిపడినది.

కొందరు గుడ్డును, పొడిని రెండింటిని కలిపి చేస్తారు. పచ్చసొనలో పిండిపదార్థాన్ని ఛేదించే ఒక ఎంజైము ఉన్నది. మన లాలాజలంలోని టయలిన్ వంటిదే ఇది. తగినంత వేడి తగలనిచో ఆ ఎంజైము నశింపదు. రాత్రి చక్కగా చిక్కనై ఉన్న కస్టర్డు తెల్లవారేసరికి పలుచని గంజి అవుతుంది. ఈ మిశ్రమాన్ని బుడగలు వచ్చేవరకు కాచియే తీరవలెను. అంత వేడికి గుడ్డు విరిగిపోదా అని అడుగవచ్చును. విరగదు. ఉబ్బిన పిండిరేణువులు మాంసకృత్తుల నడుమ అడ్డుగా నిలిచి వాటిని బిగుసుకొననీయవు. మొక్కజొన్న పిండి ఒక్క చెంచాడు ఉన్నను ఈ రక్షణ కొంతవరకు లభిస్తుంది. సెగను అదుపులో పెట్టలేని పొయ్యి గలవారికి ఇది మంచి ఉపాయం.

సీతాఫలాన్ని ఆంగ్లంలో కస్టర్డ్ ఆపిల్ అంటారు గదా, దానితోనే చేయరాదా అని కొందరు అడుగుతారు. ఆ పేరు గుజ్జు మెత్తదనాన్ని బట్టి వచ్చినది; అందులో కస్టర్డూ లేదు, ఆపిలూ లేదు. సీతాఫలపు గుజ్జును కాచినచో చేదెక్కుతుంది. చల్లారిన కస్టర్డులో కలిపి తినుటయే దానికి తగును. బేరిపండు దొరకని నెలలలో ఆపిల్‌ను ఇదే విధంగా నేతిలో వేయించి వాడవచ్చును. జామపండు కూడ గింజలు తీసినచో బాగుండును.

పాలు, గుడ్లు, చక్కెర, నీరు కలిసి ఉన్నచోట సూక్ష్మజీవులు మనకంటె ముందే విందు చేసికొంటాయి. కస్టర్డును పొయ్యిమీది నుండి తీసిన రెండు గంటలలోగా చల్లబరచి ఫ్రిజ్‌లో ఉంచవలెను. రెండు దినములు దాటిన తరువాత తినరాదు. ఫ్రిజ్ లేని ఇంట, ముఖ్యముగా చైత్ర వైశాఖములలో, ఎంతమంది తినేవారో అంతకే పాలు పోసికొని, గోరువెచ్చగా ఉండగానే ముగించుట మేలు. ఆరుగురికి కాక ముగ్గురికే చేయదలచినచో కొలతలన్నియు సగం చేయవచ్చును. గుడ్లు మాత్రం ఒకటిన్నర తీయుట కుదరదు కనుక రెండు వేయవలెను. అపుడు కస్టర్డు కొంచెం గట్టిగా వస్తుంది, ఐదు నిమిషములు ముందుగానే చూచుకొనవలెను.